తెల్ల పంచె వెనక

అచ్చంపేటలో బస్టాండు దాటి లింగాల పోయే తోవలో, ఎరువుల దుకాణానికీ చెప్పుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఒక ఫోటో స్టూడియో ఉంది. ముందు గదిలో గోడకు అద్దం, అద్దం కింద గూట్లో పౌడరు డబ్బా, పళ్లు రాలిన దువ్వెన, కొక్కేనికి ఎవరికైనా సరిపోయే ఒక నల్లకోటు. లోపలి గదికి కిటికీ లేదు. గుమ్మానికి నల్లగుడ్డ తెర. పట్టపగలైనా ఆ తెర వేస్తే లోపల అర్ధరాత్రే. కంప్యూటర్ మీద రంగులు సరిగ్గా కనబడాలంటే ఆ చీకటి ఉండాలి. ఆ చీకట్లోనే హెప్సిబా రోజుకు పది గంటలు కూర్చునేది.

ఆమెకు ఇరవై నాలుగేళ్లు. ఈ పని ఎవరూ చేయిపట్టి నేర్పలేదు. డిగ్రీ మధ్యలో మానేసి, ఫోనులో వీడియోలు చూసి, సగం అర్థమై సగం కాక, తాను పాడు చేసిన ఫోటోల మీదే నేర్చుకుంది. స్టూడియో ఓనరు నిరంజన్ కెమెరా పట్టుకుని పెళ్లిళ్లకు తిరుగుతాడు. అతను తెచ్చిన ఫోటోలు దిద్దడం ఈమె వంతు. వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట, మొకం తెల్లగ రావాలె, జర కొట్టొచ్చినట్టు ఉండాలె అని. నిరంజన్ అయితే కాంట్రాస్టు, వెలుతురు రెండూ ఒక్కసారే చివరిదాకా లాగేస్తాడు. కళ్లూ జుట్టూ బొగ్గులా నల్లబడతాయి. నుదురూ చెంపలూ సున్నం కొట్టినట్టు అవుతాయి. జనం సంతోషంగానే పట్టుకుపోతారు.

హెప్సిబా అట్లా చేయదు. ముందు వెలుగెక్కువున్న చోట్లను కిందికి దించుతుంది. తెల్లచొక్కా మడతలు, ముసలమ్మ నెరిసిన జుట్టులో ఒక్కో పోగు, నుదుటి మీద చెమట మెరుపు, ఇవన్నీ కనబడేదాకా దించి, ఆ తర్వాతే మిగతా ముఖానికి నలుపు తెలుపుల తేడా పెంచుతుంది. "ఏంది హెప్సీ, పాస్‌పోర్టు ఫోటోకు గింత పూజనా?" అని నిరంజన్ ఎగతాళి చేస్తే ఒకటే చెప్పేది. నలుపుల దాసుకున్నది ఎట్లనో అట్ల బయటికి తియ్యొచ్చన్నా, తెలుపు కాలిపోతే మాత్రం దాంట్ల ఇంక ఏముండదు, ఒట్టి కాయితమే అని.

ఆ మాట ఆమె వీడియోల్లో విన్నదే. నమ్మింది మాత్రం చెల్లెలి ఫోటో చేతులారా పాడు చేసుకున్న తర్వాత.

చెల్లెలి పేరు ఎస్తేరు. పోయేనాటికి పద్దెనిమిది నిండలేదు. బల్మూర్ పక్కన ఒక పల్లెలో తల్లి బాలమణితో ఉండేది. తండ్రి యేసయ్య పుణె దిక్కు కాలువల పనికి పోయి, అక్కడే జబ్బుపడి పోయాడు. తర్వాత ఇంటికి వచ్చింది ఒక రేకు పెట్టె, అందులో పలచని తెల్ల పంచె.

ఎస్తేరుకు ఎడమ కనుబొమ్మ దగ్గర మొదలై చెంప మీదికి బొల్లి మచ్చ ఉండేది. ఏడేళ్లప్పుడు చిటికెన గోరంత పుట్టి, పిల్లతో పాటే పెరిగింది. తల్లి దాన్ని పాలచుక్క అనేది, నా బిడ్డ మొకం మీద పాలు చిందినయ్ అని ముద్దు పెట్టుకునేది. బడిలో పిల్లలు వేరే పేర్లు పెట్టారు. అప్పటి నుంచి ఫోటో అంటే చాలు, ఎస్తేరు ముఖం తిప్పేసుకునేది. బడి గ్రూపు ఫోటోలో ముందున్న పిల్ల జడ వెనక దాక్కుంది. ఆధార్ కార్డులో ఉన్నది ఐదేళ్ల పసిపిల్ల, అప్పటికి మచ్చే లేదు.

ఒక్క క్రిస్మస్ నాడు మాత్రం, కొత్త బట్టల సంబరంలో, ఒప్పుకుంది. ఒక్కటే అక్కా, మల్ల అడగొద్దు అని షరతు పెట్టింది. హెప్సిబా ఫోనుతో తీసింది. చెల్లె మురిసిపోవాలని ఆ రోజే కూర్చుని దిద్దింది. మచ్చను చర్మంలో కలిపే విద్య అప్పటికి రాదు. అందుకని చర్మాన్నే మచ్చంత తెల్లగా చేసింది. పైగా తెలివితక్కువగా పాత ఫోటో మీదే సేవ్ చేసింది. అసలుది పోయింది.

ఎస్తేరు ఆ ఫోనును చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. తెరమీద రెండు కళ్లు, ఒక పెదాల గీత, చుట్టూ జుట్టు ఉన్నాయి. ముక్కు ఎక్కడ ఆగి చెంప ఎక్కడ మొదలైందో తెలియని తెలుపు.

"మచ్చ పోయిందక్కా," అంది. ఫోను వెనక్కి ఇస్తూ, "నేను గూడ పోయిన," అంది.

కోపం లేదు ఆ గొంతులో. అదే హెప్సిబాకు ఇప్పటికీ గుచ్చుకునేది.

ఇప్పుడు ఆ ఎస్తేరు పోయి ఏడాది కావస్తోంది. వచ్చే ఆదివారం ఇంటి దగ్గర జ్ఞాపకార్థ కూడిక. పాస్టరుగారు వస్తారు, చుట్టాలొస్తారు, గోడకు ఫోటో పెట్టాలి. ఉన్న ఒక్క ఫోటోనూ హెప్సిబా తల్లికి చూపించింది. బాలమణి కొంగుతో తెర తుడిచి మరీ చూసింది.

"ఇది నా బిడ్డ గాదు," అంది. "నా బిడ్డకు పాలచుక్క ఉంటది."

హెప్సిబా ఫోను వెనక్కి తీసుకుంది. తల్లి పొయ్యి దగ్గరికి పోయి, అటు తిరిగి, మంట ఎగదోస్తూ అసలు మాట చెప్పింది.

"మొకం మర్చిపోతున్న హెప్సీ. ఆ చుక్క చెంప మీదికి ఎంతదూరం ఉండె? ముక్కు దాంక వచ్చెనా, రాకపాయెనా? పొద్దుగాల నుంచి ఎంత చేసినా యాదికొస్తలేదు. ఎట్లనన్న చేసి ఒక్క ఫోటో తే బిడ్డా. ఇంకేమడగ నిన్ను."

ఆ మాట పట్టుకుని హెప్సిబా వారం రోజులు తిరిగింది. ఎస్తేరు స్నేహితురాళ్ల ఫోన్లు వెతికించింది. చర్చి వీడియోల్లో వెతికింది. ఎక్కడా లేదు. ఉన్నచోట్ల అరచెయ్యి అడ్డం, లేకపోతే కొంగు అడ్డం.

శుక్రవారం బస్సులో వస్తుంటే, కిటికీ బయట ఎవరిదో పెరట్లో తీగ మీద ఆరేసిన తెల్ల పంచె కనబడింది. ఎండ దాని వెనక నుంచి పడుతోంది. పంచె అవతల ఎవరో మనిషి బట్టలు దులుపుతున్నట్టు నీడ కదిలింది. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందని అనడం కూడా తప్పే... ఏడాదిగా తొక్కిపెట్టింది పైకి లేచింది.

నిరుడు మే నెల అది. పక్క పల్లెలో పింఛన్ కార్డులకు ఫోటోలు కావాలని యాభై ఎనిమిది మంది ముసలీముతకా పోగయ్యారు. నిరంజన్ ఏదో పెళ్లిలో ఉన్నాడు, నువ్వే పోయి తీసుకురా హెప్సీ అన్నాడు. వెనక తెల్లతెర కట్టే స్టాండుకు కాలు విరిగింది. ఎస్తేరు సెలవుల్లో ఇంటి దగ్గరే ఉంది. నాయన పంచె ఉంది గదా, నేను పట్టుకుంట అని తనే ముందుకొచ్చింది. దాని వెనక నిలబడితే ఎవరూ ముఖం చూడరు, అదీ ఆమె ధీమా.

బడి అరుగు అంచున కుర్చీ వేసి, దాని వెనక స్టూలు మీద ఎస్తేరును ఎక్కించి, రెండు చేతులూ పైకెత్తి పంచె పట్టుకోమంది. సూర్యుడు పంచె వెనక పక్క ఉండేటట్టు చూసుకుంది. వెనక నుంచి ఎండ పడితే పలచటి బట్ట భగ్గుమని మెరుస్తుంది, కార్డుకు తెల్లటి తెలుపు వస్తుంది, మళ్లీ కూర్చుని దిద్దే పని తప్పుతుంది. బట్ట మీద చెల్లెలి నీడ పడుతోంది. అది కనబడకుండా ఉండటానికి కెమెరాలో వెలుతురు ఇంకా పెంచింది. నీడ తెలుపులో కలిసిపోయింది.

ముసలాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చుని లేచిపోతున్నారు. వరుసలో చివర పెంటమ్మ అనే ఆమె, నోరు మంచిదే కాని ఊరుకోదు, పిల్లా నీ చెల్లె ఏమన్న పెండ్లిపిల్లనా, బట్టెనక నుంచి మొకం చూపిస్తలేదు అని నవ్వించింది. పంచె వెనక నుంచి ఎస్తేరు కూడా నవ్వింది. అప్పటికి నవ్వింది.

ముప్పై మంది అయ్యాక అడిగింది, అక్కా, జర దించాల్నా అని. హెప్సిబా కెమెరాలోంచి కన్ను తియ్యలేదు. దించకు అంది. నలభై దాటాక మళ్లీ అడిగింది.

"అక్కా... దించాల్నా?"

"దించకు. ఇంక పదిహేను మందే."

మూడోసారి అడగలేదు. చివరగా పెంటమ్మ కూర్చుని లేచింది. అప్పుడు పంచె తనంతట తానే మెల్లగా, ఎవరో మడత పెడుతున్నట్టు, కిందికి వచ్చింది. దాని వెంట ఎస్తేరు వచ్చింది.

బోరింగు నీళ్లతో ఆ పంచెనే తడిపి ఒంటికి చుట్టి ఆటోలో వేశారు. అచ్చంపేట దవాఖానకు చేరేసరికి ఒళ్లు పెనంలా ఉంది. వడదెబ్బ అన్నారు. సాయంత్రం ఆరు గంటలకు అయిపోయింది. ఆ పంచెతోనే ఆమెను మట్టిలో పెట్టారు.

కార్డులకు కావలసిన ముఖాలు మాత్రం కత్తిరించి, తెలుపు చేసి, మర్నాటికల్లా నిరంజనే ఇచ్చేశాడు. కెమెరా తీసిన అసలు ఫైళ్లు అట్లాగే ఒక మూల హార్డ్ డిస్కులో ఉన్నాయి. హెప్సిబా వాటి జోలికి పోలేదు. వాటిలో కత్తిరించనివన్నీ ఉంటాయి. పంచె అంచులుంటాయి, పట్టుకున్న వేళ్లుంటాయి. అసలు ఫైలులో తెలుపులో కలిసిపోయి కంటికి కనబడనిది కూడా కొంత దాగి ఉంటుంది. మరీ కాలిపోకపోతే... వెలుగు దించితే బయటపడుతుంది. నీడైనా సరే, ముక్కు ఆకారమైనా సరే, అమ్మకు ఏదో ఒకటి.

శనివారం మధ్యాహ్నం నిరంజన్ సోమశిలలో పడవ మీద ఎవరో కొత్త జంటకు ఫోటోలు తీయడానికి పోయాడు. బజారంతా ఎండకు మూర్ఛపోయినట్టు పడి ఉంది. చెప్పుల దుకాణం వాడు బల్ల మీదే నిద్రపోతున్నాడు. ఎవరూ రాకూడదని హెప్సిబా షట్టరు సగానికి లాగింది. లాగేటప్పుడు కుడిచేతి చూపుడువేలు రేకు సందులో నలిగింది. గోరు కింద రక్తం గడ్డకట్టి, చూస్తుండగానే సగం గోరు నల్లగా కమిలింది. వేలు నోట్లో పెట్టుకుని లోపలికి పోయి, నల్లతెర వేసుకుంది.

చీకటి. ప్రింటరు సిరా వాసన, వేడెక్కిన వైర్ల వాసన. ఫ్యాను తిరిగినప్పుడల్లా తెర అంచు గోడకు తగిలి సన్నగా గీరుకుంటోంది.

మొదటి ఫోటో తెరిచింది. కుర్చీలో ఎవరో తాత, వెనక కళ్లు చెదిరే తెలుపు. మౌసుతో వెలుగు దించే గీటును పట్టుకుని ఎడమకు లాగింది. తెలుపు బూడిదరంగుకు వచ్చింది. పంచె నేత కనబడింది. ఇంకా లాగింది. పంచె మీద పలచటి నీడ... రెండు చేతులు పైకి, మధ్యన తల. నిటారుగా ఉంది.

హెప్సిబా చెంపల మీద నీళ్లు కారుతున్నాయని ఆమెకు తెలియలేదు. కంప్యూటరు తెర మీద నీడను వేలితో తాకింది.

రెండోది. మూడోది. నీడకు ముక్కూ మూతీ లేవు. తల గుండ్రం, జడ వంకర, అంతే. పన్నెండో ఫోటోలో నీడ తల కొంచెం వెనక్కి వాలి ఉంది. నవ్వుతోంది కాబోలు, పెంటమ్మ హాస్యమాడిన సమయం అది. ఇరవై ఐదులో తల ఎడమ భుజం మీదికి ఒరిగింది. ముప్పై ఒకటిలో రెండు మోచేతులూ వంగాయి. ముప్పై రెండులో మళ్లీ నిటారు అయ్యాయి. దించకు అన్న తర్వాతది అది.

నలభై రెండులో మోకాళ్లు వంగాయి. నలభై ఆరులో తల ముందుకు వాలి నుదురు పంచెకు ఆనింది. అక్కడ బట్ట తడిసి ముద్దయింది. యాభైలో తల పూర్తిగా కిందికి వేలాడింది. చేతులు మాత్రం పైనే ఉన్నాయి. పంచె అంచు కొంచెమైనా వంకరపోలేదు. మొదటి ఫోటోలో ఎట్లా ఉందో యాభై ఎనిమిదో ఫోటోలోనూ అట్లాగే, దారం కట్టి గీసినట్టు...

అంతా అక్కడే ఉంది. ఒక్కసారి వెలుగు తగ్గించి చూసి ఉంటే అప్పుడే కనబడేది. కనబడకుండా తనే కాల్చేసింది.

హెప్సిబా తల బల్లకు ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఫైళ్లు మూసేద్దామని చూసింది.

యాభై ఎనిమిది కింద ఇంకొకటి ఉంది.

యాభై తొమ్మిది.

కూర్చున్నది యాభై ఎనిమిది మందే. పెంటమ్మే చివర. ఆమె లేవగానే ఎస్తేరు పడింది, కెమెరా ఎవరో సంచిలో పెట్టి ఆటోలో వేశారు. ఫోటో పక్కన సమయం చూసింది. సాయంత్రం ఆరూ పది. ఆరూ పదికి తాను దవాఖాన వరండాలో తల్లి కాళ్లు పట్టుకుని ఉంది.

తెరిచింది.

ఖాళీ కుర్చీ. అదే బడి అరుగు. మిట్టమధ్యాహ్నపు ఎండ. వెనక పంచె... నిటారుగా. పై అంచున ఇటు నాలుగు వేళ్లు, అటు నాలుగు వేళ్లు. గోళ్లకు సగం మాసిన గోరింటాకు.

పంచె మాత్రం తెల్లటి తెలుపు. పూర్తిగా కాలిపోయింది. ఇందులో ఏమీ ఉండదని ఆమెకు తెలుసు. ఎంత దించినా బూడిదరంగు అట్టముక్క వస్తుంది, అంతే. అయినా చెయ్యి తనంతట తానే గీటును పట్టుకుంది.

దించింది.

నేత కనబడింది.

ఉండకూడదు. అయినా కనబడింది. ఇంకొంచెం దించింది. పోగు పోగుకూ మధ్య సందు కూడా కనబడుతోంది. నడిమిట్లో తడి మరక. ఆ తడిలో బట్ట దేనికో అతుక్కుని ఉంది. నుదురు... ముక్కు... పెదవులు. వెనక నుంచి ఎవరో ముఖాన్ని పంచెకు అదిమినట్టు.

ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోలేదు, కంప్యూటరు వెలుగుతూనే ఉంది. నల్లతెర గీరుకునే చప్పుడు కూడా ఆగింది. గదిలో ఇప్పుడు సిరా వాసన లేదు. ఎండకు కాగిన తడిబట్ట వాసన. బోరింగు నీళ్ల ఇనుప వాసన. హెప్సిబా ముఖానికి వేడి తగిలింది, కంప్యూటరు తెరలోంచి ఎండ కొడుతున్నట్టు.

నల్లతెర వెనక కాదు. తలుపు దగ్గరా కాదు. చెవి పక్కనే, అలసిపోయిన గొంతు.

"అక్కా... దించాల్నా?"

హెప్సిబా కదల్లేదు. కదిలితే వెనక ఎవరున్నారో చూడాలి. లేచి పారిపోవచ్చు, షట్టరు సగం తెరిచే ఉంది. బయట చెప్పుల దుకాణం వాడున్నాడు. పారిపోతే ఆ చేతులు అట్లాగే పైన ఉంటాయి. ఏడాది నుంచి ఉన్నాయి. ఎవరూ దించమని చెప్పలేదు. చెప్పాల్సింది తనే.

తెర మీద తడి మరక కొంచెం పెద్దదైంది. పెదవుల దగ్గర బట్ట లోపలికి పోయి, బయటికి వచ్చింది. లోపలికి... బయటికి.

"దించు," అంది హెప్సిబా. కళ్లు గట్టిగా మూసుకుంది. మళ్లీ అంది. "దించు చెల్లె. అయిపోయింది. ఇంక ఎవ్వరు లేరు. దించు..."

తడిబట్ట నేల మీద పడిన చప్పుడు. మెత్తగా, దగ్గరగా.

ఫ్యాను తిరగడం మొదలైంది.

ఆమె కళ్లు తెరిచేసరికి తెర మీద ఎస్తేరు ఉంది. కుర్చీ కనబడటం లేదు, నిలబడి ఉంది, భుజాల దాకా. చేతులు కిందికి దించి ఉన్నట్టు భుజాలు వదులుగా ఉన్నాయి. కెమెరాకు సూటిగా చూస్తోంది. జుట్టు నుదుటికి అతుక్కుని ఉంది. ఎడమ కనుబొమ్మ సగం తెల్లగా, అక్కడి నుంచి పాలచుక్క చెంప మీదికి జారి, ముక్కుకు వేలెడు దూరంలో ఆగింది. నవ్వలేదు. కోపంగానూ లేదు. బరువు దించుకున్న మనిషిలా ఉంది.

భయం ఎటుపోయిందో తెలియదు. హెప్సిబా కళ్లు తుడుచుకుని పనిలో కూర్చుంది. జీవితంలో అంత ఒద్దికగా ఏ ఫోటో దిద్దలేదు. ముందు మచ్చను పట్టుకుంది. దాని వెలుగును మెల్లగా దించి, అంచులో తెలుపు చర్మంలోకి ఎట్లా దిగిందో, మధ్యలో చిన్న గోధుమ చుక్కలు ఎన్ని మిగిలాయో, అన్నీ కనబడేటట్టు చేసింది. తర్వాత జుట్టుకు, కళ్లకు, మెడ కింది నీడకు నలుపు పెంచింది. ముఖం తెరలోంచి లేచి వచ్చినట్టయింది. కంట్లో మెరుపు చుక్కను కాలిపోనివ్వలేదు. వెనక ఉన్న తెలుపును కూడా ఊరికే వదల్లేదు, నేత కనబడేటట్టు ఉంచింది. ఆ తెలుపు ఎక్కడిదని ఆమెకు అప్పుడు తట్టలేదు.

సాయంత్రం నిరంజన్ వచ్చేసరికి పెద్ద ప్రింటు ఆరుతోంది. చూసి, జర తెల్లగ చెయ్యకపోతివా, మచ్చ కనపడ్తుంది అన్నాడు. కనపడాలన్నా అంది. ఇంత మంచి ఫోటో ఎప్పుడు తీసినవ్ అని అడిగాడు. ఆమె ఫ్రేముకు మేకులు కొట్టబోయింది, సుత్తె ఎత్తలేకపోయింది. భుజాలు రెండూ సలుపుతున్నాయి, రోజంతా బరువు మోసినట్టు. ఆ రాత్రి జడ వేసుకోవడానికి కూడా చేతులు పైకి లేవలేదు.

ఆదివారం చర్చి అయ్యాక ఇంటి నిండా జనం. ఫోటోను గోడకు పెట్టి, కింద బల్ల మీద కొవ్వొత్తి, బైబిలు పెట్టారు. బాలమణి చాలాసేపు దగ్గరికి పోలేదు. పోయాక, వేలితో పాలచుక్క అంచు వెంట కనుబొమ్మ నుంచి కిందిదాకా మెల్లగా రాసుకుంటూ వచ్చి, ముక్కుకు ఇవతల ఆగింది. ఈడిదాంకనే అని తనలో తాను అనుకుంది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హెప్సిబా ఆమెను పట్టుకుంది. ఏడాదిలో మొదటిసారి హెప్సిబాకు గుండెలో ఏదో తేలిక అయింది.

తల్లి కళ్లు తుడుచుకుని మళ్లీ ఫోటో దిక్కు చూసింది.

"మంచిగ వచ్చింది బిడ్డా," అంది. "దీని ఎనక బట్ట ఎవరు పట్టిండ్రు?"

హెప్సిబాకు అర్థం కాలేదు. తల్లి ఫ్రేము పై అంచును చూపించింది. ఎస్తేరు తలకు అటూ ఇటూ, ఆ నేత కనబడే తెలుపు పైన, బట్టను గట్టిగా బిగించి పట్టుకున్న వేళ్లు. ఇటు నాలుగు, అటు నాలుగు. దిద్దినప్పుడు లేవు. ప్రింటు తీసినప్పుడు లేవు. గోళ్లకు గోరింటాకు లేదు.

ఒక వేలికి, చూపుడువేలికి, సగం గోరు నల్లగా కమిలి ఉంది.

హెప్సిబా తన కుడిచేతిని కొంగులో దాచుకుంది.

అప్పుడే పాస్టరుగారు ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ కళ్లు మూసుకుని చేతులు పైకెత్తారు. ఆమె చేతులు కూడా లేచాయి. నిన్నటి నుంచి లేవని చేతులు, నొప్పి లేకుండా, తేలిగ్గా లేచాయి. ప్రార్థన పొడుగ్గా సాగింది. ఆమెన్ అన్నారు. అందరి చేతులూ కిందికి వచ్చాయి. జనం లేచి, చాపలు మడిచి, భోజనాలకు కదిలారు. బాలమణి గుమ్మం దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి పిలిచింది, రా బిడ్డా, తిందువు రా అని.

హెప్సిబా కదల్లేదు. ముఖం మీద చెమట ధారలుగా కారుతోంది. పైకెత్తిన చేతులు అట్లాగే ఉన్నాయి, వేళ్లు దేన్నో గట్టిగా పట్టుకున్నట్టు ముడుచుకుని.

"అమ్మా..." అంది, చాలా మెల్లగా. "దించాల్నా?"

వాకిట్లో గిన్నెల చప్పుడులో ఆ మాట తల్లికి వినబడలేదు.